సైనిక వైద్యుని సూక్ష్మదర్శిని

విజయవాడలో బందరు కాలువకు అనతిదూరంలో నివసించే నా మిత్రులొకరికి ఒక విచిత్రమైన వ్యాసంగం ఉన్నది. కొందరు తపాలాబిళ్ళలను, మరికొందరు పాతనాణేలను సేకరించినట్లు, ఆయన యుద్ధకాలంలో సైనిక వైద్యశాఖవారు రణరంగంలో వాడిన సామగ్రిని సేకరిస్తారు. గాయాలకు కట్టే గుడ్డల పొట్లాలు, అడుగున మరక మిగిలిన అయోడిను సీసాలు, శస్త్రాలు అమర్చిన రేకుపెట్టె, కంచరగాడిద వీపున కట్టి కొండదారుల వెంట మోయించిన మందులపెట్టె, కర్రలు పుచ్చిన స్ట్రెచరు మొదలైనవి ఆయన ముందుగదిలో వరుసగా ఉన్నవి. ఒకనాడు నేను మా కళాశాల విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని ఆ వస్తుజాలాన్ని చూడబోయినాను. వారిలో ఒక అమ్మాయి, ఇన్ని వస్తువులలో అందరికంటె ఎక్కువమంది సైనికుల ప్రాణాలను కాపాడినది ఏది అని అడిగింది. రంపాన్నో కత్తెరనో చూపుతారని అందరం అనుకున్నాము. ఆయన లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి మడతలు పడి మాసిపోయిన ఒక దోమతెరను తెచ్చి బల్లమీద పరచినారు.

పిల్లలు నవ్వినారు. నవ్వవలసిన విషయం కాదు. గత శతాబ్దం ఆరంభంవరకు జరిగిన యుద్ధాలలో శత్రువు చేతిలో కూలిన సైనికులకంటె విరేచనాలవల్ల, విషజ్వరాలవల్ల, చలిజ్వరంవల్ల శిబిరాలలో కన్నుమూసినవారే సాధారణంగా అధికసంఖ్యాకులు. మందులపెట్టెలో క్వినైను ఉండేది. అది వచ్చిన జ్వరాన్ని తగ్గించేది. కాని జ్వరం ఏ దారిన వస్తున్నదో తెలిసినవాడు లేడు. తెలియనంతకాలం దోమతెర కేవలం సుఖనిద్రకు పనికివచ్చే గుడ్డ మాత్రమే. దానిని వైద్యసామగ్రిలో చేర్చిన ఘనుడు సైన్యంలోనే పనిచేసిన వైద్యుడు. ఆ పని జరిగింది మన తెలుగుగడ్డమీద, సికింద్రాబాదు దండులో. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యంలో వచ్చి ఒక వాక్యంలో పోతుంది గనుక, సర్ రొనాల్డ్ రాస్ జీవితాన్ని కొంచెం విపులంగా చెప్పుకొనడం అప్రస్తుతం కాదనుకొంటాను.

1857 మే 10వ తేదీన మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు చేసినారు. అది జరిగిన మూడవనాడు, అనగా మే 13వ తేదీన, హిమాలయ సానువులలోని ఆల్మోరాలో రాస్ జన్మించినాడు. తండ్రి భారతసైన్యంలో అధికారి. తరువాత జనరల్ పదవికి ఎదిగినవాడు. పదిమంది సంతానంలో రొనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవయేట విద్యాభ్యాసానికి ఇంగ్లండు పంపినారు. బాలునికి చిత్రలేఖనమన్నా, సంగీతమన్నా, కవిత్వమన్నా ప్రీతి మెండు. తండ్రికి మాత్రం కొడుకు సైనిక వైద్యుడు కావలెనని పట్టుదల. తండ్రి మాటే నెగ్గింది. లండనులోని సెంట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో రాస్ చదివిన చదువు సామాన్యం. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు రాష్ట్రానికి వచ్చినాడు.

ఆ రోజులలో సైనిక వైద్యుని కొలువు, యుద్ధం లేనప్పుడు, తీరికకు పుట్టినిల్లు. ఉదయం పటాలపు ఆసుపత్రికి వెళ్ళి రోగులను చూచివస్తే దినమంతా తనదే. రాస్ పద్యాలు వ్రాశాడు, నవల వ్రాశాడు, గణితశాస్త్రాన్ని గురువు లేకుండా అభ్యసించినాడు. మూడవ బర్మాయుద్ధానికి వెళ్ళినాడు, అండమానులలో పనిచేసినాడు. ఏడేండ్లు ఇట్లా గడచిన తరువాత, చేస్తున్న ఉద్యోగానికి తాను న్యాయం చేయడం లేదన్న అసంతృప్తి మనస్సులో ప్రవేశించింది. 1888లో సెలవుపై లండను వెళ్ళి ప్రజారోగ్యంలో పట్టా పుచ్చుకొన్నాడు, సూక్ష్మజీవిశాస్త్రం నేర్చుకొన్నాడు. తరువాత ప్రయాణాలకు అనువుగా ఉండే చిన్న సూక్ష్మదర్శినిని తానే రూపొందించి చేయించుకొన్నాడు. సైన్యం ఆసుపత్రికి కత్తులు, రంపాలు, మందులు ఇచ్చేది. పరిశోధనకు కావలసిన సాధనాలను, దానికి పట్టే కాలాన్ని మాత్రం వైద్యుడే సమకూర్చుకోవలసి ఉండేది.

చలిజ్వరానికి కారణం రక్తంలో నివసించే ఒక పరాన్నజీవి అని 1880లో కనుగొన్నవాడు కూడ సైనిక వైద్యుడే. ఫ్రెంచి సైన్యానికి చెందిన లావెరాన్, అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ దండు ఆసుపత్రిలో ఆ పని చేసినాడు. రాస్‌కు మొదట ఆ మాటపై నమ్మకం కుదరలేదు. ఎన్ని రక్తపు చుక్కలు పరీక్షించినా ఆ జీవి ఆయనకు కనబడలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనను తన బల్లవద్ద కూర్చోబెట్టుకొని ఆ జీవిని కంటికి చూపించినాడు. ఈ మాన్సన్‌ను మన కృష్ణా గోదావరీ మండలాలవారు ప్రత్యేకంగా తలచుకోవలసి ఉన్నది. మన పల్లెలను చిరకాలం పీడించిన బోదకాలు వ్యాధికి మూలమైన సన్నని పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని 1877లో చైనా తీరంలోని అమోయ్‌లో కనిపెట్టినవాడు ఆయనే. చలిజ్వరానికీ దోమయే వాహనమై ఉండునని ఆయన ఊహించినాడు. ఊహ సరియైనదే, కాని దానికి ఒక తప్పు తోక ఉన్నది. రోగి రక్తం త్రాగిన దోమ నీటిలో పడి చస్తుందనీ, ఆ నీరు త్రాగిన మనిషికి జ్వరం వస్తుందనీ ఆయన అభిప్రాయం. ఈ తోకే రాస్‌ను చాలకాలం దారి తప్పించింది.

1895 ఏప్రిల్‌లో రాస్ తిరిగి వచ్చి సికింద్రాబాదులో 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యుడైనాడు. బెజవాడనుంచి సికింద్రాబాదుకు రైలుదారి పడి అప్పటికి ఆరేండ్లు. అబ్దుల్ ఖాదర్ అనే రోగి రక్తంలో పరాన్నజీవులు పుష్కలంగా కనబడినవి. అతనిని దోమతెర కట్టిన మంచంపై పడుకోబెట్టి తెరలోపలికి దోమలను వదలినారు. అవి మొదట కుట్టలేదు. తెరను నీటితో తడిపిన తరువాత కుట్టినవి. చూడండి, దోమలను వెలుపల ఉంచవలసిన తెర ఇక్కడ వాటిని లోపల ఉంచడానికి వచ్చింది! ఆ దోమలు చచ్చిన నీటిని ఆసుపత్రిలో డోలీ మోసే లక్ష్మణ్ అనే యువకునికి త్రాగించినారు. కొద్దిరోజులకు అతనికి కొంచెం జ్వరం తగిలి తగ్గిపోయింది. రాస్ ఎగిరి గంతు వేసినాడు. కాని మరికొందరికి అటువంటి నీరే పట్టించగా ఆ ఫలితం నిలువలేదు.

యుద్ధరంగంలో క్షతగాత్రులను మోసే డోలీ బోయీలు సైనిక వైద్యశాఖలో అందరికంటె క్రింది మెట్టుమీదివారు. గుండ్లవాన కురుస్తున్నచోటికి కర్రతో, గుడ్డతో వెళ్ళవలసినవారు. అట్టి బోయీ చేతికి ఒక దొర గ్లాసు ఇచ్చి త్రాగుమన్నప్పుడు అతని అంగీకారానికి ఎంతపాటి స్వేచ్ఛ ఉన్నదని నేటి పాఠకుడు అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేటి వైద్యధర్మం అటువంటి పనిని ఒప్పుకోదు. అయితే, ఆ యువకుని పేరు మనకు తెలియడానికి కారణం రాస్ దానిని దాచకుండా వ్రాసిపెట్టడమేనని కూడ గుర్తుంచుకోవలెను. అధికారుల నివేదికలలో బోయీలకు సంఖ్యలే గాని పేర్లుండవు.

తరువాత రెండేండ్లు వ్యర్థమైనట్లే కనబడినవి. కలరా వ్యాపించినందున రాస్‌ను బెంగుళూరుకు పంపినారు. అక్కడ మురుగుకాలువలు, మంచినీటి తొట్లు చూచుకోవడంతో కాలమంతా గడచిపోయింది. 1897 వేసవిలో ఊటీకి సెలవు పెట్టి, జ్వరాలకు పేరుమోసిన సీగూరు కనుమకు వెళ్ళి, కిటికీలు మూసుకొని దోమతెరలో పడుకొన్నా తానే చలిజ్వరం తెచ్చుకొన్నాడు. జూన్‌లో సికింద్రాబాదు చేరుకొన్నాడు.

ఇక బేగంపేట ఆసుపత్రిలోని ఆ చిన్నగదిని ఊహించుకొనండి. ఎండ నిప్పులు చెరుగుతున్నది. పంకా లాగించడానికి వీలులేదు. గాలికి కోసిపెట్టిన దోమ అవయవాలు ఎగిరిపోతవి. కండ్లచుట్టూ, చెవులచుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నవి. నుదుటినుంచి, చేతులనుంచి కారే చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. మిగిలిన ఒక్క అక్షికటకం బీటలు వారింది. ఒక్కొక్క దోమను సూదిమొనతో చీల్చి, దాని శరీరంలోని ప్రతి కణాన్ని వెదకడానికి గంటలు పడుతుంది. ఏ రూపం కోసం వెదకుతున్నాడో, అది ఏ అవయవంలో ఉంటుందో ఆయనకు తెలియదు. అన్నింటికంటె పెద్ద చిక్కు, ఆయన అంతవరకు కోసిన దోమలజాతులలో చలిజ్వరాన్ని మోయగల జాతి లేనేలేదు. ఇంటిచుట్టూ సులభంగా దొరికేవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. అవే ఆయన పరీక్షించినవి. లేనిచోట రెండేండ్లు వెదకడమంటే ఏమిటో పరీక్షలో ఒకసారి తప్పిన విద్యార్థి కొంత ఊహించగలడు.

ఆగస్టు నడుమ ఆసుపత్రి పరిచారకుడొకడు ఒక సీసాలో దోమపిల్లలను పట్టితెచ్చినాడు. అవి పెద్దవై రెక్కలపై మచ్చలు గల గోధుమవన్నె దోమలు బయటికి వచ్చినవి. గోడపై వాలినప్పుడు తోక పైకెత్తి నిలుచునే జాతి అది. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నాము. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించినారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది పది అణాలు. తరువాతి నాలుగు దినాలలో కొన్ని దోమలు చచ్చినవి, కొన్నింటిని కోసినా ఏమీ కనబడలేదు. 20వ తేదీనాటికి రెండు మిగిలినవి. ఆ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, విసిగి వేసారిన రాస్ వాటిలో ఒకదానిని కోసి జఠరపు గోడను పరీక్షిస్తుండగా, గుండ్రని కణమొకటి, దానిలో నల్లని రేణువులు కనబడినవి. అటువంటి నల్లని రేణువులు చలిజ్వరపు పరాన్నజీవిలోనే ఉండునని ఆయన ఎరుగును. మరికొన్ని కణాలు చూచినాడు. అన్నింటిలోను అవే రేణువులు. మరునాడు చివరి దోమను కోసినాడు. కణాలు అంతకంటె పెద్దవైనవి. ఒకనాటికంటె మరునాడు పెద్దదైనదంటే అది ప్రాణమున్నది, పెరుగుతున్నదన్నమాట. మనిషి రక్తంలోని జీవి దోమకడుపులో పెరుగుతున్నది! ఆయన అప్పుడే ఒక పద్యం కూడ వ్రాసుకొన్నాడు. కవిగా ఆయనకు నిలిచిన పేరు ఆ పద్యంవల్లనే.

ఆ దోమ చేతికి రాకపోతే ఏమయ్యేదో చెప్పలేము. రాస్‌కు ఓర్పు ఉన్నది, చదువు ఉన్నది, సాధనం ఉన్నది. సీసా తెచ్చినవాడు వేరు, చేయి చాచినవాడు వేరు.

సర్కారువారు ఆయనకు చేసిన సత్కారం వినదగినది. దోమలను ఇంకొంత పరిశీలించవలసిన సమయంలో, సెప్టెంబరులో, తక్షణం బయలుదేరవలెనని ఉత్తరువు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారా అనే ఊరికి వేసినారు. అక్కడ చలిజ్వరపు రోగులు అరుదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1897 డిసెంబరు 18వ తేదీన ఆయన వ్యాసం అచ్చయ్యేనాటికి, దానిని వ్రాసినవాడు పావురాల రక్తం చూచుకొంటూ కాలం గడుపుతున్నాడు. మాన్సన్ లండనులో కూర్చొని పైవారిని వేడుకొనగా, 1898 ఆరంభంలో పరిశోధన నిమిత్తం కలకత్తాకు పంపినారు. అక్కడ మరొక విఘ్నం. ప్లేగు సూదులపై ప్రజలు భయాందోళనలు చెందుతున్న కాలమది. వ్రేలు గుచ్చి చుక్కరక్తం ఇవ్వడానికి రోగులు ముందుకు రాలేదు. రాస్ పక్షులవైపు తిరిగినాడు. ముహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పట్టి, పెంచి, పిచ్చుకలపై వదిలేవాడు. జూలైలో, దోమ లాలాజల గ్రంథిలో పరాన్నజీవులు గుమిగూడి ఉండడం కనబడింది. అక్కడనుంచి కుట్టినప్పుడు అవి రక్తంలోకి పోతవి. దోమ చచ్చిన నీరు కాదు, దోమకాటే కారణం. ఆరోగ్యమైన పిచ్చుకలను కుట్టించి, జ్వరం పట్టించి మరీ నిరూపించినాడు.

మనుష్యులలో ఇదేవిధంగా అనాఫిలిస్ దోమలు చలిజ్వరాన్ని వ్యాపింపజేస్తవని ఆ సంవత్సరం చివర ఇటలీలో గ్రాస్సీ మొదలైనవారు నిరూపించినారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న కలహం రాస్ బ్రతికినంతకాలం ఆరలేదు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం ఆయనకే వచ్చింది. బ్రిటిష్ ప్రజలలో ఆ బహుమానం పొందిన మొదటివాడు ఆయన. అయినా తృప్తి కలుగలేదు. తన్ను చేయిపట్టి నడిపించిన మాన్సన్‌తో కూడ న్యాయస్థానం దాక వెళ్ళినాడు. మశూచికి టీకా కనుగొన్న జెన్నరుకు పార్లమెంటు 1802లోను, 1807లోను కలిపి 30,000 పౌనులు ఇచ్చిందనీ, తనకును అట్టి పారితోషికం ఇవ్వవలెననీ అర్జీ పెట్టుకొన్నాడు. ప్రభుత్వం నిరాకరించింది. గొప్పవారి జీవితాలు వ్రాసేవారు ఇట్టివాటిని మరుగుపరుస్తారు. నాకు అది ఇష్టంలేదు. స్వంత డబ్బు పెట్టి, తీరిక వేళలలో పనిచేసి, పై అధికారులవల్ల అడుగడుగున ఆటంకం పొందినవాని మనస్సులో ఆ పుండు మానకపోవడం సహజం. అయితే, హుస్సేన్ ఖాన్‌కు ముట్టిన పది అణాలు గుర్తుకు వచ్చినప్పుడు, పౌనుల లెక్కపై జరిగిన ఆ తగవు నా చెవికి కొంచెం ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

1899లో రాస్ కొలువు వదలి లివర్‌పూల్‌లో అధ్యాపకుడైనాడు. అక్కడనుంచి పశ్చిమాఫ్రికాకు, సూయెజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియాకు వెళ్ళి, నిలువనీటిని తీసివేయించి దోమలను అణచే పద్ధతులు నేర్పినాడు. చలిజ్వరం వ్యాపించే తీరును గణితసమీకరణాలలో పెట్టినాడు. ఊరిలోని దోమలన్నింటినీ చంపనక్కరలేదు, వాటి సంఖ్య ఒక మేరకు తగ్గితే వ్యాధి తనంతట తానే అణగిపోతుందని ఆ లెక్కలు చెప్పినవి. వట్టి తీరికకు నేర్చుకొన్న గణితం ఈవిధంగా ఫలించింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన నెలలోనే ఆయన పెద్దకుమారుడు ఫ్రాన్సులోని లెకాటో యుద్ధంలో మరణించినాడు. అరువదియేండ్లకు చేరువైన తండ్రి మరల సైనిక వైద్యుడైనాడు. 1915లో, డార్డనెల్స్ సైనికులను పీడిస్తున్న విరేచనాల వ్యాధిని పరిశీలించడానికి అలెగ్జాండ్రియా వెళ్ళినాడు. 1917లో చలిజ్వరం విషయంలో యుద్ధశాఖకు సలహాదారుగా నియుక్తుడైనాడు. అప్పటికి గ్రీసులోని సెలోనికా రంగంలో బ్రిటిష్ సైన్యం శత్రువుకంటె దోమకే ఎక్కువగా లొంగిపోతున్నది. ఆ రంగంలో యుద్ధకాలమంతటా చలిజ్వరంతో ఆసుపత్రులలో చేరిన చేరికలు 1,60,000కు మించినవి. తుపాకిదెబ్బలకు చచ్చినవారు, గాయపడినవారు కలిసి అందులో చిన్నపాలు మాత్రమే. దారి తెలిసి ఇరువదియేండ్లు గడచిన తరువాతి మాట ఇది! తెలిసినదానిని పెట్టెలోకి ఎక్కించడానికి, పెట్టెలోనిదానిని సైనికుడు ప్రతిరాత్రి కట్టుకొనేటట్లు చేయడానికి శాస్త్రం ఒక్కటే చాలలేదు.

రెండవ ప్రపంచయుద్ధంలో జావా జపానువారి వశమై క్వినైను దొరకకుండా పోయినప్పుడు, బర్మా అడవులలోని సైనికులకు శరీరం పసుపువన్నెకు తిరిగే మెపాక్రిన్ మాత్రలు, దోమతెరలు, చేతులకు పూసుకొనే తైలాలు ఇచ్చినారు. నా మిత్రుల బల్లపై ఉన్నవి ఆనాటివే. అదే యుద్ధంలో పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకినది. దానికి పనికివచ్చే మందును 1947లో వెలువరించిన పరిశోధకులకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. డెల్టాలో పుట్టినవాడు కనుగొన్న మందు డెల్టాకే తిరిగి వచ్చింది. అది వేరొక వ్యాసానికి తగిన కథ.

రాస్ ప్రతి కాగితాన్నీ దాచుకొన్నాడు. ఉత్తరాలు, నోటుపుస్తకాలు, ఉత్తరువులు, లెక్కల చీటీలు వేలకొలది పోగైనవి. ముసలితనంలో డబ్బుకు ఇబ్బందిపడి 1928లో వాటిని అమ్మకానికి పెట్టగా, లేడీ హ్యూస్టన్ అనే ధనికురాలు 2,000 పౌనులకు కొన్నది. అవి ఇప్పుడు లండనులోని ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో భద్రంగా ఉన్నవి. తన పేర లండనులో 1926లో వెలసిన ఆసుపత్రిలోనే 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన కన్నుమూసినాడు.

బేగంపేట విమానాశ్రయానికి దగ్గరగా ఆ పాత ఆసుపత్రి భవనం నేటికీ నిలిచి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో రాస్ పేరనే వ్యవహరింపబడుతున్నది. 1997లో నూరేండ్ల ఉత్సవం సందర్భంగా దానిని బాగుచేయించినారు. ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతట దోమల దినంగా పాటిస్తారు. ఈ సంవత్సరం మా విద్యార్థులు తెల్లవారుజాము బండిలో సికింద్రాబాదు వెళ్ళి ఆ భవనాన్ని చూచిరావలెనని నిశ్చయించుకొన్నారు. దోమతెరను గురించి ప్రశ్న అడిగిన అమ్మాయి, ఆ పర్యటనకు వ్రాసుకొన్న పట్టికలో రాస్ పేరుకు క్రింద లక్ష్మణ్, అబ్దుల్ ఖాదర్, హుస్సేన్ ఖాన్, ముహమ్మద్ బక్ష్ పేర్లు కూడ వ్రాసిపెట్టుకొన్నది.